భుజాలు దించు సేటూ

మొన్న నా రక్తపోటు చూసిన డాక్టరు, మనవడి ఈడు కుర్రాడు, మందులచీటీ రాయడం ఆపి నన్ను భుజాలు చెవులదాకా లేపమన్నాడు. లేపాను. ఒక్కసారిగా వదిలేయమన్నాడు. వదిలేశాను. ఊపిరి ముక్కుతో తీసుకుని నోటితో పొడుగ్గా వదలమన్నాడు. ఆ తర్వాత అతను చెప్పకముందే నేను పిడికిళ్లు బిగించి విప్పాను, బిగిసిన పళ్లు ఎడం చేశాను, అరచేతులు రుద్దుకుని కళ్లమీద పెట్టుకున్నాను. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఉస్మాన్‌గంజ్‌లో, నా ప్రాణం తోడేసిన ఒక దలాల్ దగ్గర, అన్నాను. కుర్రాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ మనిషి గుర్తొస్తే ముందు ఒళ్లు మండుతుంది. మిగతావన్నీ తర్వాత.

గంజ్ బజారంతా ఆయన్ని చాచా అనే పిలిచేది. అసలు పేరు చాలామందికి తెలియదు. తెలిసిన నేను రాయను. పెద్ద యుద్ధం మొదలు కావడానికి కొంచెం ముందు, నేను కొత్తగా మా బాపు పక్కన గద్దె మీద కూర్చున్న రోజులవి. మాది చింతపండు, మిరపకాయల అడ్తి దుకాణం. పల్లెల నుంచి బండ్ల మీద వచ్చిన సరుకు మా అరుగు మీద దిగేది, కొనేవాళ్లు వచ్చి చూసేవాళ్లు, మధ్యలో నిలబడి బేరం తెంచేవాడు దలాల్. ధర పైకి అనడం అప్పట్లో మర్యాద కాదు. దలాల్ తన భుజం మీది పెద్ద రుమాలు తీసి చేతుల మీద కప్పేవాడు. దాని కింద ఆయన వేళ్లు మన వేళ్లను పట్టుకునేవి. ఏ వేలు పట్టుకుంటే ఏమిటి, ఎన్నిసార్లు నొక్కితే ఎంత, అన్నీ ఆ చేతులకే తెలుసు. చుట్టూ బజారంతా నిలబడి చూస్తున్నా ఆ సంగతి ఇద్దరి మధ్యే ఉండేది. రుమాలు కింద జరిగింది ఏదైనా సరే పైకి అన్నవాడితో మళ్లీ ఎవడూ బేరానికి కూర్చునేవాడు కాదు. సొంత తమ్ముడికి కూడా చెప్పేవాళ్లం కాదు.

చాచా సన్నటి మనిషి. గోరింట పెట్టిన గడ్డం. షేర్వానీ పై గుండీ జన్మలో పెట్టుకోగా చూడలేదు. మెడ బిగిస్తే బుద్ధి బిగుస్తుందని ఆయన లెక్క. ఊళ్లో దలాల్‌లందరూ పొద్దున్నే పరుగెత్తుకొస్తుంటే ఈయన నయాపూల్ మీద సగం దూరంలో ఆగి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మూసీని చూస్తూ నిలబడేవాడు. వెనక టాంగావాళ్లు అరుస్తుండేవాళ్లు. నదిలో నీళ్లున్నా లేకపోయినా చూసేవాడు. ఇక్కడ మా అరుగు ముందు బండ్లు వీధి మలుపుదాకా నిలబడి ఉండేవి, ఎడ్లు ఒకదాన్నొకటి కుమ్ముకునేవి, హమాలీలు మమ్మల్ని తిట్టేవాళ్లు. వీధి చివరికి చూసి చూసి బాపుకు మెడ పట్టేసేది.

వచ్చాక పని మొదలుపెడతాడా అంటే, లేదు. ముందు మన మొహం చూసేవాడు. రుమాలు భుజం మీదనుంచి తీసేవాడు, కానీ కప్పేవాడు కాదు. "భుజాలు దించు సేటూ," అనేవాడు. భుజాలు బాగానే ఉన్నాయి చాచా, నువ్వు చెయ్యి పెట్టు అంటే వినడు. చెవులదాకా లేపాలి, కాసేపు పట్టి ఉంచాలి, బస్తా పడేసినట్టు వదిలేయాలి. అది సరిగా రాకపోతే మళ్లీ. తర్వాత ఊపిరి. లోపలికి తీసుకోవడం ఎవడికైనా వస్తుందట, విద్య అంతా వదలడంలోనే ఉందట. వేడి చాయ్ మీద ఊదినట్టు, కప్పులో అల కూడా లేవకుండా వదలాలి. మిరపకాయల బస్తాల మధ్య కూర్చుని పొడుగ్గా ఊపిరి తీస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? దుకాణమంతా దగ్గులు, తుమ్ములు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ బాపు తిడుతుంటే, ఆయన మాత్రం తుమ్ము పోయింది కదా, ఇప్పుడు ఛాతీ తేలికైంది చూడు అనేవాడు.

ఇదంతా ఎవరు నేర్పారని అడిగితే రోజుకొక మాట. ఒకనాడు ఎవరో హకీం. ఒకనాడు ధూల్‌పేటలో కుస్తీ నేర్పే పహిల్వాన్. ఇంకొకనాడు గడ్డం గీసే మంగలి, కత్తి గొంతు మీద ఉన్నప్పుడు ఎట్లా కూర్చోవాలో చెప్పాడట. నేను నిలదీస్తే, చెప్పినోళ్ల పేరెందుకు, నీకు నిద్ర పట్టిందా లేదా అని ఎదురడిగేవాడు. పట్టింది. అది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి పట్టలేదనేవాణ్ణి.

ఒకసారి చింతపండు ధర ఉన్నట్టుండి పడిపోయింది. బాపుకు తలనొప్పి, కణతలు పట్టుకుని గద్దె మీద అటూ ఇటూ ఊగుతున్నాడు. చాచా వచ్చాడు, చూశాడు, పక్క హోటల్‌కు పోయి గోరువెచ్చని నీళ్లు ఒక గంగాళం నిండా పట్టించుకొచ్చాడు. అందులో, చింతపండులో కలపడానికి ఉంచిన మా ఉప్పే ఇంత పోశాడు. కొనేవాళ్ల ముందు, హమాలీల ముందు, బాపు కాళ్లు రెండూ పట్టుకుని అందులో పెట్టాడు. బాపు పరువు పోతోందని గింజుకున్నాడు. చాచా వదలలేదు. నుదుటి మీద తడిగుడ్డ వేసి, పళ్లు బిగించకు, నాలుకను నోట్లో ఊరికే పడుకోబెట్టు అని చెవిలో చెబుతూ కూర్చున్నాడు. కాసేపటికి బాపు గురక పెట్టాడు. లేపబోతే చాచా నా చెయ్యి పట్టుకుని ఆపాడు. బొంబాయి నుంచి వచ్చిన కొనుగోలుదారు మా నాన్న పాదాలను, గంగాళాన్ని, గురకను చూసి పక్క దుకాణానికి పోయి సరుకంతా అక్కడే తీసుకున్నాడు. లేచాక బాపు చాచాను తిట్టిన తిట్లు అఫ్జల్‌గంజ్‌దాకా వినపడి ఉంటాయి. చాచా శాంతంగా విని, తలనొప్పి ఎట్లుంది అని అడిగాడు. బాపు ఇంకా గట్టిగా అరిచాడు. తలనొప్పి పోయిందన్నమాట.

ఇట్లాంటి మనిషిని గంజ్ ఎందుకు భరించింది అంటే, ఆయన చెయ్యి అట్లాంటిది. ఆయన తెంచిన బేరం మీద తగాదా రాలేదు. వేలు వేసిన చోట వేసినట్టే ఉండేది. ఆయన తండ్రిదీ అదే వృత్తి. వాళ్ల ఇంటికి చెయ్యే పొలం, చెయ్యే దుకాణం.

బాపుకు జ్వరమొచ్చి నేను ఒక్కణ్ణే గద్దె మీద ఉన్న రోజు ఆ చెయ్యి సంగతి నాకు తెలిసింది. కొనేవాడి వేళ్లు చూసి వచ్చి, చాచా రుమాలు నా చేతి మీద కప్పాడు. అంతకుముందు ఎప్పుడూ నేను ఆ రుమాలు కింద చెయ్యి పెట్టలేదు. ఆయన వేళ్లు నా వేళ్లను పట్టుకున్నాయి. వణుకుతున్నాయి. చలికి వణికినట్టు కాదు, లోపలినుంచి ఎవరో తట్టినట్టు, ఆగి ఆగి. ఆ విద్యలో ఒక్క నొక్కుకు ఒక ధర, రెండో నొక్కుకు ఇంకో ధర. వణికే వేలు ఎన్నిసార్లు నొక్కిందో ఎవరు చెప్పాలి? నేను తలెత్తి చూశాను. పైన ఆయన మొహం ఎప్పటిలాగే ఉంది. బజారంతా చూస్తోంది. ఆయన నెమ్మదిగా అన్నాడు:

"కండ్లు మూస్కో సేటూ. భుజాలు దించు. ఊపిరి ఇడువు. జల్దీ ఏం లేదు."

కళ్లు మూసుకున్నాను. నా ఊపిరి పక్కన ఆయన ఊపిరి వినపడుతోంది, నాకంటే పొడుగ్గా. పిడికిలి బిగించు అన్నాడు. బిగించాను. రుమాలు కింద ఆయనా బిగించాడు. విప్పు అన్నాడు. ఇద్దరం విప్పాం. అట్లా కాసేపు గడిచాక ఆ వణుకు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోయింది. అప్పుడు ఆయన వేలు నా వేలి మీద ఎంత నొక్కాలో అంతే నొక్కింది. బేరం తెగింది. రుమాలు తీసి భుజం మీద వేసుకుని, ఇంకో దుకాణానికి పోయాడు.

నా కోపం రెట్టింపైంది అంటే ఎవరూ నమ్మరు. అంతకుముందు ఆయన చాదస్తమని హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ సుఖం కూడా పోయింది. ఈ సంగతి బయటపడితే గంజ్‌లో ఆయన రుమాలు కింద ఎవడూ చెయ్యి పెట్టడు. ఆ ఇంటి పొయ్యి ఆ చేతి మీదే వెలుగుతోంది. చెబుదామంటే రుమాలు మర్యాద అడ్డం. బాపు పక్కన పీట వేసుకుని అన్నం తింటూ కూడా చెప్పలేకపోయాను. బాపు ఆయన్ని తిట్టినప్పుడల్లా నేనూ తోడుగా తిట్టేవాణ్ణి, అనుమానం రాకుండా. ఆయన భుజాలు దించమంటే గొణుక్కుంటూ దించేవాణ్ణి. కావాలనే సరిగా చేయకుండా మళ్లీ చెప్పించుకునేవాణ్ణి. ఆయనకు కొంచెం వ్యవధి దొరకాలి కదా. వెనక బండ్లవాళ్లు నన్ను కూడా కలిపి తిట్టేవాళ్లు. ఇట్లా ఏళ్లు గడిచాయి. ఊపిర్లు పొడుగవుతూ వచ్చాయి. ఒక్కొక్క బేరానికి ఒక పూట పట్టేట్టుందని జనం నవ్వడం మొదలుపెట్టారు.

ఈలోగా కొత్త దలాల్ ఒకడు వచ్చాడు. చురుకైనవాడు. వాడి వేళ్లు పిచ్చుకల్లాగా గెంతేవి. మా ఎదురు వరసలో ఆముదాల సేటు ఉండేవాడు, ముక్కు మీద కోపం, నోటికి తాళం లేదు. ఒకనాడు బజారు నడుమ నిలబడి, ఈ ముసలాయన ఊపిరి పీల్చేసరికి నా బండ్లు మొలకలెత్తుతున్నాయి, ఇక ఈయన చాలు, కొత్తవాణ్ణి పెట్టుకుందాం అని లొల్లి చేశాడు. వర్తకులందరూ కూర్చుని తేల్చాలన్నాడు. అమావాస్యనాడు బజారు మూసి ఉంటుంది కాబట్టి ఆ మధ్యాహ్నం పెద్ద సేటు దుకాణంలో అందరం చేరాం. పెద్ద సేటు అంటే మా అందరిలో వయసున్నవాడు, ఏ తగువైనా ఆయన మాటే చివరిది. చాచాను కూడా పిలిపించారు. వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు.

మొదట ఆలస్యం గురించి అందరూ మొత్తుకున్నారు. ఊపిర్లు, పిడికిళ్లు, అరచేతులు, ఒకటి కాదు. గంగాళం సంగతి బాపు ఏడుస్తున్నట్టు చెప్పాడు. పెద్ద సేటు అంతా విని, ఆలస్యం చేస్తాడని దలాల్‌ను తీసేసిన ఆనవాయితీ మనకు లేదన్నాడు. చేతిలో తేడా వస్తేనే తీసేయాలి. కాబట్టి ఒక్కొక్కరూ లేచి, ఈయన చేతిలో ఏమన్నా తేడా తెలిసిందా చెప్పండి అన్నాడు.

అబద్ధం ఆడాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. కానీ నేనొక్కణ్ణి ఆడితే ఏం లాభం? ముందుగా లేచింది ఆముదాల సేటే. అయిపోయింది అనుకున్నాను.

"నా లొల్లి లేటు మీద. చెయ్యికేమైంది?" అన్నాడు. "గంజ్‌ల గసుంటి చెయ్యి ఇంకోటి లేదు. ఇనుమోలె ఉంటది."

నేను తెల్లబోయాను. అతని పక్కవాడు లేచి, ఇనుమేమిటి, బండరాయి అన్నాడు. పల్లీల వ్యాపారి, పది మాటలకు ఒక్క మాట మాట్లాడే మనిషి, ఆ చెయ్యి పట్టుకుంటే నాకే ధైర్యం వస్తుందన్నాడు. తర్వాత బాపు. నా పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి ఆయన్ని తిట్టిన బాపు, గొంతు సవరించుకుని, తన జన్మలో అంత నిలకడైన వేళ్లు చూడలేదన్నాడు. చెబుతూ నా వైపు చూడలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే మోశాం. గంజ్ అంతా మోసింది. ప్రతివాడూ తనొక్కడికే తెలుసనుకుని, పైకి తిట్టుకుంటూ, కళ్లు మూసుకుని ఊపిరి వదులుతూ, ఆ చెయ్యి ఆగేదాకా ఆగాడు. నా వంతు వచ్చేసరికి నాకు పట్టలేని సంతోషంగా ఉంది. అందరికంటే పెద్ద మాటే చెప్పి కూర్చున్నాను.

కూర్చున్నాకే చాచాను చూశాను. ఒక్కొక్కరు పొగుడుతుంటే ఆయన మా మొహాలు వరసగా చూస్తున్నాడు. ఆయన భుజాలు మెల్లగా పైకి లేస్తున్నాయి. చెవులదాకా లేచాయి. దిగలేదు. పెద్ద సేటు, సరే, చెయ్యి బాగుంటే ఆయనే ఉంటాడు, లేవండి అన్నాడు. అందరం చాయ్ తాగి, ఆముదాల సేటు మీద జోకులేసుకుంటూ ఇళ్లకు పోయాం.

మర్నాడు చాచా రాలేదు. ఆ మర్నాడూ లేదు. నయాపూల్ మీద కూడా లేడన్నారు. బండ్లు ఆగిపోయాయి, కొత్త దలాల్ అందరి దుకాణాలూ తిరుగుతున్నాడు. నాకు మహా చిరాకేసింది. ఇంతమందిమి ఒక్క మాట మీద నిలబడి కాపాడితే, ఈయన ఏ చెట్టు నీడనో పడుకుని ఊపిరి పీలుస్తున్నాడనుకున్నాను. ధూల్‌పేట దాటాక ఆయన గల్లీ. బజారు అయ్యాక తిట్టడానికే పోయాను. ఆయనా తమ్ముడూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ముందరి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రుమాలు మడతపెట్టి గూట్లో ఉంది.

ఏంది చాచా, ఫికర్ ఏంది నీకు, అందరూ నిన్నే ఉండమన్నారు కదా, బండ్లన్నీ ఆగిపోయినై అని దులిపేశాను. ఆయన నా మాటలన్నీ అయ్యేదాకా ఆగాడు. తర్వాత నన్నొక మాట అడిగాడు.

"గంజ్‌ల ఎన్నడన్న ఒక దలాల్ చెయ్యిని ఎవడన్న మెచ్చుకున్నడా సేటూ?"

నేను ఆలోచించాను. లేదు. తిడతాం, అనుమానిస్తాం, సరిగా ఉంటే నోరు మూసుకుంటాం. మెచ్చుకోవడం మా బజారులో లేదు.

"ఆముదాల సేటు ఇనుమన్నడు. మీ బాపు ఏమన్నడో నువ్వే ఇన్నవ్. అప్పుడే సమజైంది, అందరికి తెల్సని. ఒక్కడన్న తిడితే, వాని మీద కోపంతోనన్న తెల్లారి వస్తుంటి."

మాకు నువ్వే కావాలి చాచా, తెలిస్తే ఏమైంది అన్నాను. నా గొంతు నాకే అరుపులాగా వినపడింది.

"రుమాలు కింద ఒక్కనికి తెలుస్తే అది బేరం. బజారంత తెలిసినంక కప్పుకుంటే, అది ఖైరాత్, బిచ్చం. నేను ఖైరాత్ తీస్కోను సేటూ."

పోట్లాడటం తప్ప ఇంకేమీ చేతకాని మేమందరం, పోట్లాడాల్సిన ఆ ఒక్కరోజు మంచివాళ్లమై కూర్చున్నాం. ఎవడికి వాడు కొంచెం తగ్గించి చెప్పి ఉంటే సరిపోయేది. ఆముదాల సేటు తన మామూలు నోటితో, చెయ్యి ఫరవాలేదు అని ఊరుకుని ఉంటే సరిపోయేది. వాళ్లందరి మీదా, నా మీదా, అంత తెలివి ఉన్నందుకు ఈ ముసలాయన మీదా నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లేచి నిలబడ్డాను. పోతానన్నాను.

ఆయన చెయ్యి చాపాడు. మధ్యలో రుమాలు లేదు. అన్నేళ్లలో ఆ చేతిని నేను పట్టుకుని చూడటం, పగటి వెలుతురులో, అదే మొదటిసారి. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్న, నరాలు తేలిన చిన్న చెయ్యి. పట్టుకున్నాను. వణుకుతోంది. అలవాటు కొద్దీ నేను భుజాలు దించి, కళ్లు మూసుకుని, ఆయనకు వ్యవధి ఇవ్వడానికి ఊపిరి పొడుగ్గా వదలడం మొదలుపెట్టాను.

"వద్దు సేటూ. ఇప్పుడు ఆగే పని లేదు దానికి," అన్నాడు.

కళ్లు తెరిచాను. ఇవాళ మిరప ఎట్లా పోయిందని అడిగాడు. నోటితో చెప్పాను. చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది.